చిట్టి నడుముకున్న చిన్న పెట్టె

పిల్లలూ! మీ బడిలో కొత్తగా ఒక అమ్మాయి చేరిందనుకోండి. ఆమె మీలాగే పుస్తకాల సంచీ తగిలించుకుని వస్తుంది. మీలాగే లెక్కల గంటలో ఆవలిస్తుంది. ఆటల గంట కొట్టగానే అందరికన్న ముందు మైదానంలోకి పరుగెత్తుతుంది. కాని ఆమె నడుముకు ఒక చిన్న పెట్టె తగిలించి ఉంటుంది. అది మీ గుప్పిట్లో ఇమిడేటంత ఉంటుంది. అందులోనుంచి సన్నని గొట్టం ఒకటి బయలుదేరి చొక్కా కిందికి పోతుంది. అప్పుడప్పుడు ఆ పెట్టె కీచుమంటుంది కూడాను.

దాన్ని చూసి ఒకడు, "అది రేడియో," అంటాడు. ఇంకొకడు, "కాదురా, సెల్‌ఫోను," అంటాడు. మూడోవాడు, "ఆ మీట నొక్కితే ఏమవుతుందో చూద్దాం," అంటాడు. ఈ మూడోవాడితోనే వచ్చింది చిక్కు. ఆ పెట్టె ఆటవస్తువు కాదు. ఆ అమ్మాయి ప్రాణం దానిమీద ఆధారపడి ఉన్నది.

ఆ అమ్మాయికి మనం చిట్టి అని పేరు పెడదాం. చిట్టి మనం కల్పించుకున్న పిల్లే. కాని చిట్టివంటి పిల్లలు మన దేశంలోనూ, ఇతర దేశాలలోనూ నిజంగా ఉన్నారు. వారు మోసే ఆ పెట్టె పేరు ఇన్సులిన్ పంపు. అది ఏం చేస్తుందో, దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో తెలుసుకుందాం.

తాళంచెవి పోయిన ఇల్లు

మనం అన్నం తింటాం, ఇడ్లీ తింటాం, అరటిపండు తింటాం. అందులోని పిండిపదార్థం కడుపులో అరిగి ఒక రకం చక్కెరగా మారుతుంది. దాన్ని గ్లూకోజు అంటారు. అది నెత్తురులో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. మన శరీరంలోని కణాలకు అదే వంటచెరకు. దాన్ని మండించుకునే అవి పని చేస్తాయి.

కాని కణాల తలుపులు ఎప్పుడూ తెరిచి ఉండవు. వాటికి తాళం వేసి ఉన్నదనుకోండి. ఆ తాళం తీసే చెవి పేరే ఇన్సులిన్. మన పొట్టలో, జీర్ణకోశం వెనకగా, క్లోమం అనే గ్రంథి ఒకటి ఉన్నది. అందులో చిన్న చిన్న దీవులలాగా కొన్ని కణాల గుంపులు ఉంటాయి. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్యవిద్యార్థి ఆ దీవులను మొదటిసారి చూశాడు. అవి ఎందుకున్నాయో ఆయనకు తెలియలేదు. ఇన్సులిన్ తయారయ్యేది ఆ దీవులలోనే అని తరవాతివాళ్ళు తెలుసుకున్నారు.

కొందరు పిల్లల శరీరంలో ఒక పొరపాటు జరుగుతుంది. రోగక్రిములతో పోరాడవలసిన రక్షకకణాలు తమ శరీరంలోని ఇన్సులిన్ చేసే కణాలనే శత్రువులనుకుని నాశనం చేస్తాయి. ఊరికి కాపలా ఉండవలసినవాళ్ళు చీకట్లో పొరబడి ఊరివాళ్ళనే కొట్టినట్టన్నమాట. ఇక తాళంచెవులు తయారు కావు. చక్కెర గుమ్మంవరకూ వస్తుంది, లోపలికి పోలేదు. నెత్తురులో చక్కెర పేరుకుపోతుంది, కణాలు మాత్రం ఆకలితో మాడుతాయి. దీన్ని మొదటి రకం మధుమేహం అంటారు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది: ఈ జబ్బు మిఠాయిలు ఎక్కువగా తిన్నందువల్ల వచ్చేది కాదు. చిట్టి తప్పు గాని, చిట్టి అమ్మ తప్పు గాని ఇందులో ఏమీ లేదు. రెండవది: ఇది అంటువ్యాధి కాదు. చిట్టి పక్కన కూచున్నా, చిట్టితో కలిసి అన్నం తిన్నా ఎవరికీ రాదు. మన తాతయ్యలకూ, నాయనమ్మలకూ ఎక్కువగా వచ్చేది రెండవ రకం మధుమేహం. దాని సంగతి వేరు.

టొరంటోలో ఒక కుర్రవాడు

మధుమేహం చాలా పాత జబ్బు. రోగి మూత్రానికి చీమలు పట్టడం మన ప్రాచీన వైద్యులు గమనించారు. మధువు అంటే తేనె. మధుమేహం అన్న పేరులోనే ఆ సంగతి ఉన్నది. కాని కారణం తెలియక, మందు దొరకక, వందల ఏళ్ళు గడిచిపోయాయి. ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కారు. డాక్టర్లు చేయగలిగిందల్లా వారికి తిండి బాగా తగ్గించి కొన్ని నెలలో, ఏడాదో నిలపటమే.

1921 వేసవిలో కెనడా దేశంలో, టొరంటో విశ్వవిద్యాలయంలో, ఫ్రెడరిక్ బాంటింగ్ అనే యువ డాక్టరు, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థి పరిశోధన ప్రారంభించారు. వారికి మెక్లియాడ్ అనే ప్రొఫెసరు తన ప్రయోగశాలలో చోటిచ్చాడు. క్లోమంనుంచి తీసిన రసం మధుమేహం ఉన్న కుక్కల నెత్తురులో చక్కెరను తగ్గించటం వారు చూశారు.

1922 జనవరి 11న టొరంటో ఆసుపత్రిలో లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవాడికి ఆ మందు సూదితో ఎక్కించారు. అతను అప్పటికే ఎముకల గూడులా ఉన్నాడు. మొదటిసారి మందు పూర్తిగా శుభ్రపడలేదు, గుణం అంతగా కనిపించలేదు. అప్పుడు కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రాత్రింబవళ్ళు శ్రమించి దాన్ని శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్ళీ ఇచ్చారు. ఈసారి చక్కెర దిగింది. కుర్రవాడు కోలుకున్నాడు. ఆ తరవాత పదమూడేళ్ళు బతికాడు.

ఆ మందును కనిపెట్టినవాళ్ళు కోట్లు గడించి ఉండవచ్చు. కాని బాంటింగ్, బెస్ట్, కాలిప్ ముగ్గురూ 1923లో దానిమీది హక్కును తలా ఒక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ప్రాణం నిలిపే మందు అందరికీ అందాలని వారి ఉద్దేశం.

అయితే ఇన్సులిన్‌ను మాత్రలాగా మింగటానికి వీల్లేదు. అది ఒక మాంసకృత్తు. కడుపులోకి పోతే పప్పు అరిగినట్టే అరిగిపోతుంది. అందుకని దాన్ని సూదితో చర్మం కిందికి ఎక్కించాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, ఏడాదిలో అన్ని రోజులూ! ఈనాటికీ చాలామంది పిల్లలు సూదులతోనో, కలంలాంటి ఇన్సులిన్ పెన్నుతోనో చక్కగా ఆరోగ్యంగా ఉన్నారు. పంపు ఖరీదైన వస్తువు. అది లేనంతమాత్రాన వైద్యం లేనట్టు కాదు.

వీపుమీది మూటనుంచి నడుముమీది పెట్టెకు

మంచి క్లోమం రోజుకు నాలుగుసార్లు మాత్రమే పని చేసి ఊరుకోదు. అది రాత్రీ పగలూ కొంచెం కొంచెంగా ఇన్సులిన్ విడుదల చేస్తూ, తిండి తిన్నప్పుడు మరికొంత వదులుతుంది. ఈ పనిని యంత్రం చేత చేయించవచ్చునా?

1960 తరవాతి తొలి సంవత్సరాలలో అమెరికాలోని లాస్ ఏంజెలీస్ నగరంలో ఆర్నాల్డ్ కాడిష్ అనే డాక్టరు అటువంటి యంత్రం ఒకటి తయారు చేశాడు. అది పనిచేసేదే, కాని దాన్ని సైనికుడి మూటలాగా వీపున మోయవలసి వచ్చేది! దాన్ని మోస్తూ ఎవరు బడికి పోతారు? తరవాత 1970 దాటాక డీన్ కామెన్ అనే అమెరికన్ యంత్రనిర్మాత చిన్న పంపు చేశాడు. 1978లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి డాక్టర్లు, పంపుతో చర్మం కిందికి నిదానంగా ఇన్సులిన్ పంపితే చక్కెర బాగా అదుపులో ఉంటుందని చూపించారు. అప్పటినుంచి పంపులు చిన్నవవుతూ వచ్చి జేబులో పట్టేటంతకు వచ్చాయి. గొట్టం లేకుండా చర్మానికి అతికించుకునే పంపులు కూడా ఇప్పుడు ఉన్నాయి.

ఒక్క బొట్టు లెక్క

చిట్టి పెట్టెలో ఏమున్నదో చూద్దాం. లోపల ఇన్సులిన్ నింపిన చిన్న గొట్టపు సీసా ఒకటి ఉంటుంది. దాని వెనక తోపుడు కడ్డీ, దాని వెనక మరచుట్టు, దాన్ని తిప్పే బుల్లి మోటారు, మోటారుకు బ్యాటరీ, వీటన్నిటికీ ఆజ్ఞలిచ్చే చిన్న కంప్యూటరు ఉంటాయి. మర తిరిగినప్పుడల్లా కడ్డీ వెంట్రుకవాసి ముందుకు జరిగి ఇన్సులిన్‌ను తోస్తుంది. ఆ ఇన్సులిన్ సన్నగొట్టంలో ప్రయాణం చేసి, చివర ఉన్న మెత్తని పొట్టి గొట్టంద్వారా చర్మం కిందికి చేరుతుంది. ఆ పొట్టి గొట్టం పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. దాన్ని దూర్చేటప్పుడు సూది సాయం కావాలి. తరవాత సూది బయటికి వచ్చేస్తుంది.

ఇప్పుడొక చిన్న లెక్క చేద్దాం. ఇన్సులిన్‌ను యూనిట్లలో కొలుస్తారు. పంపులలో మామూలుగా వాడే ఇన్సులిన్ ఒక మిల్లీలీటరులో 100 యూనిట్లు ఉంటుంది. ఒక మిల్లీలీటరుకు సుమారు 20 బొట్లు. అంటే ఒక్క బొట్టులో సుమారు 5 యూనిట్లు! చిట్టి పంపు ఆమెకు గంటకు అర యూనిట్ చొప్పున ఇస్తున్నదనుకోండి. ఆ ఒక్క బొట్టూ పూర్తి కావటానికి పది గంటలు పడుతుంది. మీరు రాత్రి నిద్రపోయి తెల్లవారి లేచేవరకు ఆ పెట్టె ఒక్క బొట్టును పంచుతూ కూచుంటుందన్నమాట!

ఈ లెక్క బాగా గుర్తుపెట్టుకోండి. పంపు విషయంలో అన్ని జాగ్రత్తలూ ఇందులోనుంచే పుట్టాయి.

బొట్టు ఇంత విలువైనది గనక గొట్టంలో బొట్టంత గాలిబుడగ పోయినా చిట్టికి కొన్ని గంటల ఇన్సులిన్ అందకుండా పోతుంది. అందుకని చిట్టి అమ్మ ఇన్సులిన్ సీసాను శీతల పెట్టెనుంచి తీసి, చల్లదనం తగ్గిన తరవాతనే నింపుతుంది. చల్లగా ఉండగా నింపితే వెచ్చబడేకొద్దీ బుడగలు పుట్టుకొస్తాయి. నింపిన తరవాత సీసాను నిలువుగా పట్టుకుని వేలితో మెల్లిగా తట్టి, బుడగలు పైకి తేలితే బయటికి తోసేస్తుంది.

అలాగే, కొత్త గొట్టంలోకి ఇన్సులిన్ నింపేటప్పుడు ఆ గొట్టం శరీరానికి తగిలించి ఉండకూడదు. ఇది అన్నిటికన్న పెద్ద నియమం. గొట్టం నిండటానికి ఎన్నో యూనిట్లు కావాలి. అవన్నీ ఒక్కసారిగా ఒంట్లోకి పోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. "ముందు విప్పు, తరవాత నింపు" అని చిట్టి ఒక కాగితంమీద పెద్ద అక్షరాలతో రాసి అలమారు తలుపుకు అంటించింది.

చిట్టి దినచర్య

పొద్దున లేవగానే చిట్టి చేతులు కడుక్కుని, వేలికొసను చిన్న సూదితో పొడుచుకుని, ఒక నెత్తురుబొట్టును పరీక్షయంత్రంలో వేసి చక్కెర ఎంత ఉన్నదో చూసుకుంటుంది. చేతులు కడగటం మరచిపోతే, వేలికి బెల్లమో పండురసమో అంటి ఉంటే, యంత్రం తప్పు లెక్క చెబుతుంది. కొందరు పిల్లలు చర్మానికి అతికించుకునే సెన్సరు వాడతారు. అది కొద్ది నిమిషాలకొకసారి తనంతట తనే చక్కెర చెబుతుంది. చిట్టి దగ్గర అది లేదు.

తరవాత, తినబోయే ఇడ్లీలలో పిండిపదార్థం ఎంతో లెక్కకట్టి పంపుకు చెబుతుంది. పంపు అందుకు తగిన మోతాదు లెక్క వేస్తుంది. చిట్టీ, అమ్మా ఆ లెక్క సరిచూసి మీట నొక్కుతారు. లెక్కలంటే ఆవలించే చిట్టి ఈ ఒక్క లెక్క మాత్రం తప్పదు!

రెండు మూడు రోజులకు ఒకసారి చర్మంలోని గొట్టాన్ని తీసి కొత్తది, కొత్తచోట పెట్టుకోవాలి. ఎక్కువరోజులు ఉంచితే అక్కడ చీము పట్టవచ్చు, గొట్టం మూసుకుపోవచ్చు. ఎప్పుడూ ఒకేచోట పెడితే చర్మం కింద గడ్డకట్టి ఇన్సులిన్ సరిగా ఇంకదు. రైతు ఒకే మడిలో ఒకే పైరు వేయకుండా మార్చినట్టు, చిట్టి పొట్టకు కుడివైపు, ఎడమవైపు, తొడమీద, తుంటిమీద మారుస్తూ ఉంటుంది. చేతులు సబ్బుతో కడిగి, చర్మాన్ని స్పిరిటు దూదితో తుడిచి, అది ఆరిన తరవాతే కొత్తది పెడతారు. పడుకోబోయేముందు మాత్రం మార్చరు. కొత్తది సరిగా పనిచేస్తున్నదీ లేనిదీ గంట రెండు గంటలకు చక్కెర చూసి తెలుసుకోవాలి కదా! నిద్రలో ఎవరు చూస్తారు?

పంపులోని గడియారాన్ని కూడా చూడాలి. తెల్లవారుజామున కొందరికి ఇన్సులిన్ ఎక్కువ కావాలి, మరొకవేళ తక్కువ కావాలి. పంపు గంటను బట్టి మోతాదు మారుస్తుంది. బ్యాటరీ మార్చినప్పుడు గడియారం తప్పినా, పగలుకు బదులు రాత్రి అని ఉన్నా, రాత్రి మోతాదు పగలు పడుతుంది. ఆ మోతాదులన్నిటినీ చిట్టి అమ్మ ఒక పుస్తకంలో రాసి ఉంచింది. పంపు చెడిపోయిన రోజున ఆ పుస్తకమే ఆధారం.

స్నానానికి ముందు చిట్టి పంపును విప్పి పెడుతుంది. ఆమె పంపు నీటిలో తడవకూడదు. ఎవరి పంపు తడవవచ్చునో, ఎవరిది తడవకూడదో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. విప్పినా గంటకు మించి ఉంచకూడదని డాక్టరు చెప్పారు. ఆసుపత్రిలో పెద్ద అయస్కాంతంతో పనిచేసే ఎం.ఆర్.ఐ. గదిలోకి పంపును అసలు తీసుకుపోకూడదు. ఎక్స్‌రే తీసేముందు కూడా విప్పి బయట ఉంచాలి.

ఇక మన ఎండల సంగతి. ఇన్సులిన్‌కు ఎండ పడదు, గడ్డకట్టే చలీ పడదు. వాడని సీసాలను శీతల పెట్టెలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మంచు కట్టే అరలో పెడితే పాడైపోతుంది. కరెంటు సరిగా లేని పల్లెల్లో నీళ్ళు చిలకరించిన మట్టికుండలో ఉంచుతారు. నీరు ఆవిరైపోతూ లోపల చల్లబరుస్తుంది. కుండనీళ్ళు చల్లగా ఉండటానికి కారణం కూడా అదే. ఎండలో నిలిపిన కారులో పంపును గాని, ఇన్సులిన్‌ను గాని వదిలిపెట్టకూడదు. పంపులో వాడే ఇన్సులిన్ మంచినీళ్ళలా తేటగా ఉండాలి. మబ్బుగా కనిపిస్తే పారవేయాలి.

పెళ్ళిలో జరిగిన సంగతి

వైశాఖమాసంలో చిట్టి మేనమామ పెళ్ళి వచ్చింది. అందరూ పల్లెకు వెళ్ళారు. చిట్టి పట్టుపరికిణీ కట్టుకుని, పంపును నడుముకు దోపుకుని, పందిరంతా తిరిగింది. భోజనానికి బూరెలు వడ్డించారు. చిట్టి లెక్క కట్టి, మీట నొక్కి, రెండు బూరెలు తిన్నది.

సాయంకాలానికి చిట్టికి దాహం పట్టుకున్నది. రెండు చెంబుల నీళ్ళు తాగింది, దాహం తీరలేదు. మాటిమాటికీ దొడ్లోకి వెళ్ళివస్తున్నది. ఒళ్ళు బరువుగా ఉన్నది.

"ఎండ దెబ్బ తగిలిందే తల్లీ! కాస్సేపు పడుకో," అన్నది అమ్మమ్మ.

చిట్టి పంపును చూసుకున్నది. మధ్యాహ్నం మోతాదు పూర్తిగా ఇచ్చినట్టే అందులో ఉన్నది. కీచుమని అరవనూ లేదు. పడుకుందామని ఒక క్షణం అనుకున్నది. కాని, "అనుమానం వస్తే ముందు చూడు, తరవాత పడుకో," అని డాక్టరు చెప్పిన మాట గుర్తుకు వచ్చి పరీక్షయంత్రం తీసింది. 340 చూపించింది.

"బూరెలు తిన్న చేతితో చూశావేమో! చేతులు కడుక్కుని మళ్ళీ చూడు," అన్నది అమ్మ.

కడుక్కుని చూస్తే 322 వచ్చింది. పంపేమో ఇన్సులిన్ ఇచ్చానంటున్నది, చక్కెరేమో ఎక్కి కూచున్నది. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి?

ఇంతలో అమ్మమ్మ చిట్టిని దగ్గరికి తీసుకుని, "ఇదేమిటే, నీ పరికిణీ ఆసుపత్రి వాసన వేస్తున్నది?" అన్నది.

అమ్మ చప్పున పరికిణీ అంచు తొలగించి చూసింది. పందిట్లో తిరిగేటప్పుడు బట్ట కుచ్చిళ్ళు లాగి, చర్మంలోని గొట్టం ఊడి వచ్చింది. అతుకు మాత్రం పైకి బాగానే ఉన్నది. మధ్యాహ్నంనుంచీ ఇన్సులిన్ అంతా బట్టలోకి పోతున్నది. ఇన్సులిన్‌లో అది చెడిపోకుండా కలిపే మందుకు ఆ ఆసుపత్రి వాసన ఉంటుంది.

చూశారా, పిల్లలూ! పంపు అబద్ధమాడలేదు. తను ఎంత బయటికి తోసిందో అది లెక్క పెట్టుకున్నది. అది ఒంట్లోకి పోయిందో, బట్టలోకి పోయిందో దానికి తెలియదు. గొట్టం మూసుకుపోతే పంపు అరుస్తుంది, అదీ కొంతసేపటికి. గొట్టం ఊడిపోతే అసలు అరవదు, ఎందుకంటే ఇన్సులిన్‌కు అడ్డేమీ లేదు కదా!

చిట్టి అమ్మ కంగారుపడి పంపు మీట మళ్ళీ మళ్ళీ నొక్కలేదు. సంచీలోనుంచి ఇన్సులిన్ పెన్ను తీసి, డాక్టరు ముందే రాసి ఇచ్చిన లెక్క ప్రకారం సూదితో ఇచ్చింది. మూత్రంలో కీటోనులు ఉన్నవేమో కాగితపు పట్టీతో చూసింది. ఇన్సులిన్ అందనప్పుడు కణాలు కొవ్వును మండించుకుంటాయి. ఆ పొగే కీటోనులు అనుకోండి. అవి పెరిగితే నెత్తురు పులిసినట్టయి కడుపునొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి. ఊపిరి పండిన పండు వాసన వేస్తుంది. పంపు వాడేవారి ఒంట్లో నిలవ ఇన్సులిన్ ఉండదు గనక, అది ఆగిపోయిన కొద్ది గంటలలోనే ఈ ప్రమాదం రావచ్చు. చిట్టికి కీటోనులు కొద్దిగానే ఉన్నాయి. అమ్మ డాక్టరుకు ఫోను చేసి చెప్పింది. కొత్త గొట్టం కొత్తచోట పెట్టింది. చిట్టి చేత నీళ్ళు బాగా తాగించింది. రెండు గంటల తరవాత చూస్తే చక్కెర 230కి దిగింది. అర్ధరాత్రి ముహూర్తానికి చిట్టి లేచి కూచుని అక్షింతలు కూడా వేసింది.

"దగ్గర్లో ఆసుపత్రి లేని పల్లె! వాంతులు మొదలైతే ఏమయ్యేది?" అని అమ్మమ్మ కళ్ళు తుడుచుకున్నది.

"అప్పుడు ఒక్క క్షణం ఆగకుండా 108 వాహనం పిలిపించి పట్నం ఆసుపత్రికి పోయేవాళ్ళం, అమ్మా! పెళ్ళి చూస్తూ కూచునేవాళ్ళం కాము," అన్నది చిట్టి అమ్మ.

ఆ రోజు చిట్టిని కాపాడినవి మూడు: అనుమానం వచ్చినప్పుడు వేలు పొడుచుకుని చూసుకోవటం, సంచీలో పెన్ను ఉండటం, అమ్మమ్మ ముక్కు!

అప్పటినుంచి చిట్టి ఇల్లు కదిలితే ఆ సంచీ లేకుండా కదలదు. అందులో ఏమేమి ఉంటాయంటే: ఇన్సులిన్ పెన్ను, పరీక్షయంత్రం, దాని పట్టీలు, కీటోను పట్టీలు, ఒక కొత్త గొట్టం, బ్యాటరీ, చక్కెర పొట్లం, డాక్టరు ఫోను నంబరు రాసిన కాగితం.

మీరు చేయగలిగినది

చిట్టికి చక్కెర ఎక్కువైనప్పటికన్న, తక్కువైనప్పుడు మీ అవసరం ఎక్కువ. బాగా పరుగెత్తినా, తిండి ఆలస్యమైనా, ఇన్సులిన్ ఎక్కువైనా చక్కెర 70కి దిగువకు పడిపోవచ్చు. అప్పుడు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఆకలి వేస్తుంది, కళ్ళు తిరుగుతాయి. చిట్టి కారణం లేకుండా విసుక్కోవచ్చు, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పవచ్చు. "దీనికి పొగరు!" అనుకోకండి. పంతులుగారికి చెప్పండి. ఆమెను ఒంటరిగా ఎక్కడికీ పంపకండి.

అప్పుడు ఇవ్వవలసినది తొందరగా అరిగే తీపి: మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపిగాని, గ్లూకోజు పొడిగాని. అది సుమారు 15 గ్రాములు. బాగా చిన్న పిల్లలకు ఇంకా తక్కువ చాలునని డాక్టరు చెబుతారు. నెయ్యి కారే లడ్డూ, చాక్‌లెట్టు పనికిరావు, వాటిలోని కొవ్వువల్ల తీపి ఆలస్యంగా ఒంటబడుతుంది. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ పరీక్ష చేయాలి. ఇంకా తక్కువగా ఉంటే మళ్ళీ ఇవ్వాలి.

ఒకవేళ స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తులలోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, పెద్దవాళ్ళను కేకవేసి, వెంటనే 108కు ఫోను చేయించాలి. చక్కెరను పెంచే గ్లూకగాన్ అనే మందు దగ్గర ఉంటే, తెలిసిన పెద్దవాళ్ళు అది ఇస్తారు.

ఇక మీటలు నొక్కుదామన్న మూడోవాడు! ఒక్క బొట్టు పది గంటలు వస్తుందని లెక్క చేశాం కదా. అతను ఆటకు నొక్కిన మీటతో రెండు బొట్లు ఒక్కసారిగా పోతే? అందుకే చిట్టి పెట్టెను చిట్టీ, చిట్టి పెద్దలూ తప్ప ఎవరూ ముట్టరాదు.

ఆలోచించేది మనిషే

ఈనాటి కొన్ని పంపులు సెన్సరుతో మాట్లాడుకుంటాయి. చక్కెర పడిపోబోతే ఇన్సులిన్ తగ్గిస్తాయి, పెరగబోతే కొంచెం పెంచుతాయి. అటువంటి పంపు ఒకదానికి మొదటిసారి అమెరికాలో 2016లో అనుమతి లభించింది. అది ఎంత తెలివైనదైనా, పెళ్ళిలో రెండు బూరెలు తినబోతున్నారని దానికి ఎవరో చెప్పాలి. గొట్టం ఊడితే పెట్టేది, ఇన్సులిన్ నింపేది, పరికిణీ వాసన పట్టేది మనిషే.

నవంబరు 14వ తేదీ రాగానే మీకు పండుగ. అది నెహ్రూ పుట్టినరోజు, మన దేశంలో బాలల దినోత్సవం. 1891లో అదే తేదీన బాంటింగ్ పుట్టాడు. ఆ కారణంగా ఆ రోజును ప్రపంచ మధుమేహ దినంగా కూడా జరుపుతారు. ఈసారి ఆ రోజున బడిలో మిఠాయి పంచేటప్పుడు, "చిట్టికి వద్దులే, దానికి జబ్బు," అని ఆమెను దాటి పోకండి. మిఠాయి ముక్క చేతిలో పెట్టి ఒక్క నిమిషం ఆగండి. చిట్టి తన లెక్క తను కట్టుకుని, మీట నొక్కుకుని, మీతోపాటే తింటుంది.